ఎస్‌వీడీ ఫైలును మొదటి నుంచి రాయడం ఎలా: చిప్ రిజిస్టర్ల పటాన్ని డీబగ్గర్‌కు అప్పగించే పద్ధతి

అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సు నేర్చుకుంటున్నవారైనా, చర్లపల్లి పారిశ్రామికవాడలో మీటరు బోర్డులు తయారుచేస్తున్నవారైనా, మైక్రోకంట్రోలర్ మాట వినడం లేదని తేలగానే చేసే పని ఒకటే. ఒక తెర మీద మెమరీ విండో, పక్క తెర మీద రిఫరెన్స్ మాన్యువల్ పీడీఎఫ్ తెరిచిపెట్టుకొని, ఎనిమిది హెక్సాడెసిమల్ అంకెల్లో ఇరవయ్యో బిట్ ఎక్కడుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటారు. ఈ లెక్క మనిషి చేయవలసింది కాదు. చిప్‌లో ఏ పెరిఫెరల్ (టైమర్, సీరియల్ పోర్టు వంటి లోపలి విభాగం) ఏ అడ్రస్‌లో ఉందో, దానిలో ఏయే రిజిస్టర్లు (దాన్ని నడిపే బిట్లుండే గళ్ళు) ఉన్నాయో, ఒక్కో బిట్ అర్థమేమిటో ఒక ఎక్స్ఎంఎల్ ఫైలులో రాసి ఇస్తే, నడుస్తున్న చిప్ లోపలికి తొంగిచూసే సాధనమైన డీబగ్గరే ఆ అంకెలను విడదీసి పేర్లతో సహా చూపిస్తుంది. ఆ ఫైలు పద్ధతి పేరు సిస్టమ్ వ్యూ డిస్క్రిప్షన్, వాడుకలో ఎస్‌వీడీ. ఆర్మ్ సంస్థ 2008లో ప్రకటించిన సీఎంఎస్ఐఎస్ ప్రమాణాల కుటుంబంలో ఇది తరువాతి కాలంలో వచ్చి చేరింది. ఈనాడు ఆర్మ్ కోర్ లేని రిస్క్-ఫైవ్ చిప్‌లకు కూడా తయారీదారులు ఇదే పద్ధతిలో ఫైళ్ళు ఇస్తున్నారు.

ఉదాహరణకు ఎస్‌టీఎం32ఎఫ్103 చిప్ ఉన్న బ్లూ పిల్ బోర్డును తీసుకుంటున్నాను. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది, దాని మాన్యువల్ ఉచితంగా లభిస్తుంది, దాని రిజిస్టర్లు కొత్తవారిని బెదరగొట్టేటన్ని ఉండవు. చదివేవారికి రెండు మనవులు. అడ్రస్‌లు, ఆఫ్‌సెట్లు, రిజిస్టర్ విలువలు హెక్సాడెసిమల్‌లో ఇస్తున్నాను. బిట్ సంఖ్యలు, ఇంటరప్ట్ సంఖ్యలు, పరిమాణాలు మామూలు అంకెల్లో ఉంటాయి. ట్యాగ్‌ల పేర్లను ఉచ్చారణను బట్టి తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, ఫైలులో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. బేస్‌అడ్రస్, బిట్‌ఆఫ్‌సెట్ వంటి జంట పదాలలో మొదటి పదం చిన్న అక్షరంతో, రెండవ పదం పెద్ద అక్షరంతో మొదలవుతుంది. ఎక్స్ఎంఎల్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు.

రాయడానికి ముందు

మీ చిప్‌కు తయారీదారు ఇచ్చిన ఎస్‌వీడీ ఫైలు ఉందేమో మొదట చూడండి. డివైస్ ఫ్యామిలీ ప్యాక్ అనే పేరుతో దొరికే ప్యాక్ ఫైలు నిజానికి జిప్ ఫైలే. చివరి పేరును జిప్ అని మార్చి విప్పితే లోపల ఎస్‌వీడీ ఫైళ్ళు కనిపిస్తాయి. అవి ఉండగా మళ్ళీ రాయడమెందుకంటే కారణాలు లేకపోలేదు. ఎఫ్‌పీజీఏలో, అంటే లోపలి సర్క్యూట్‌ను మనమే అమర్చుకునే చిప్‌లో, మీరే కట్టుకున్న టైమర్‌కో ఏడీసీ (అనలాగ్‌ను అంకెలుగా మార్చే) బ్లాకుకో ఫైలు ఇచ్చేవారు ఎవరూ ఉండరు, దాన్ని మీరే రాయాలి. తయారీదారుల ఫైళ్ళలో తప్పులుండటం కూడా మామూలే. రస్ట్ భాషలో ఎంబెడెడ్ పని చేసేవారు ఎస్‌టీఎం32 ఫైళ్ళను సరిదిద్దడానికే ఒక సవరణల భాండాగారాన్ని నడుపుతున్నారు. నా మటుకు నాకు మూడో కారణమే ముఖ్యం: ఒక్క పెరిఫెరల్‌కైనా సొంతంగా ఎస్‌వీడీ రాసినవారు మాన్యువల్‌ను అంతకు ముందు చదివినట్టు చదవరు.

బోర్డు, దాన్ని కంప్యూటర్‌లోని డీబగ్గర్‌కు కలిపే ఎస్‌టీ-లింక్ ప్రోబ్, ఆర్ఎం0008 అనే రిఫరెన్స్ మాన్యువల్, ఎక్స్ఎంఎల్ తెలిసిన ఎడిటర్, సీఎంఎస్ఐఎస్‌తో వచ్చే స్కీమా ఫైలు (ఏ ట్యాగ్ ఎక్కడ రావాలో చెప్పే నియమావళి), ఎస్‌వీడీకాన్వ్ అనే తనిఖీ సాధనం చేతిలో ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

పై గూడు: డివైస్

ఫైలు మొదటి పంక్తిలో ఎక్స్ఎంఎల్ వెర్షన్‌ను, యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌ను ప్రకటించి, తరువాత డివైస్ ట్యాగ్‌ను తెరిచి, దాని స్కీమావెర్షన్ లక్షణానికి (ఆట్రిబ్యూట్‌కు) 1.3 ఇవ్వండి. దాని లోపల వెండర్, నేమ్, వెర్షన్, డిస్క్రిప్షన్, ఆపైన సీపీయూ భాగం వస్తాయి. మన చిప్‌కు సీపీయూ పేరు సీఎం3, ఎండియన్ (బైట్ల వరుస) లిటిల్, ఎంపీయూ (మెమరీ రక్షణ విభాగం) లేదు, ఎఫ్‌పీయూ (దశాంశ లెక్కల విభాగం) లేదు, ఇంటరప్ట్‌లను నడిపే ఎన్‌విక్ ప్రయారిటీ బిట్లు 4. తరువాత అడ్రస్‌యూనిట్‌బిట్స్‌కు 8, విడ్త్‌కు 32 ఇవ్వాలి. అంటే ప్రతి బైటుకూ ఒక అడ్రస్ ఉందనీ, చిప్ లోపల డేటాను మోసే బస్ ఒకేసారి 32 బిట్లు మోయగలదనీ చెప్పినట్టు.

ఆ వెంటనే వచ్చే సైజ్, యాక్సెస్, రీసెట్‌వేల్యూ, రీసెట్‌మాస్క్ అనే నాలుగు ట్యాగ్‌ల సంగతి నిదానంగా గ్రహించాలి, ఎందుకంటే ఇవి ఇంటిపేరు లాంటివి: డివైస్ దగ్గర ఇచ్చినవి పెరిఫెరల్‌కు, అక్కడి నుంచి రిజిస్టర్‌కు దిగివస్తాయి, యాక్సెస్ అయితే చివరకు ఫీల్డ్‌కు (రిజిస్టర్‌లోని బిట్ల గుంపుకు) కూడా దిగుతుంది, మధ్యలో ఎవరైనా వేరే విలువ ఇచ్చుకుంటే అక్కడి నుంచి కిందికి ఆ కొత్త విలువే చెల్లుతుంది. పైన సైజ్ 32 అనీ, యాక్సెస్ రీడ్-రైట్ అనీ ఒక్కసారి రాసేస్తే వందల పంక్తులు ఆదా అవుతాయి. అయితే ఇందులో ఒక మోసం ఉంది. చదవడానికి మాత్రమే పనికివచ్చే రిజిస్టర్‌కు ఆ మాట రాయడం మరచిపోతే తప్పు ఎక్కడా బయటపడదు, పై నుంచి దిగివచ్చిన రీడ్-రైట్ దానికి నిశ్శబ్దంగా అంటుకుంటుంది.

ట్యాగ్‌ల వరుసక్రమం కూడా స్కీమాలో నిర్ణయమై ఉంది. నేమ్‌కు ముందు డిస్క్రిప్షన్ రాస్తే మనకు తేడా కనిపించదు గానీ స్కీమా ఒప్పుకోదు.

పెరిఫెరల్: చిరునామా, హద్దులు, ఇంటరప్ట్

పెరిఫెరల్స్ ట్యాగ్ లోపల మొదట జీపీఐఓసీ (సాధారణ ఇన్‌పుట్-అవుట్‌పుట్ పిన్నుల సీ పోర్టు) రాద్దాం, ఎందుకంటే బ్లూ పిల్ మీది ఎల్‌ఈడీ ఆ పోర్టు పదమూడో పిన్నుకు ఉంది. నేమ్, డిస్క్రిప్షన్, గ్రూప్‌నేమ్ తరువాత బేస్‌అడ్రస్ 4001 1000. దాని కింద అడ్రస్‌బ్లాక్‌లో ఆఫ్‌సెట్ 0, సైజ్ 1024, యూసేజ్ రిజిస్టర్స్. ఇక్కడి సైజ్ బైట్లలో, రిజిస్టర్‌లోని సైజ్ బిట్లలో. పేరు ఒకటే, కొలత వేరు. మొదటిసారి రాసేవారు తప్పకుండా ఇక్కడ ఒకసారి తడబడతారు.

ఇంటరప్ట్ (ప్రాసెసర్ పనిని ఆపి పిలిచే సంకేతం) ఉన్న పెరిఫెరల్ అయితే ఆ ఇంటరప్ట్ పేరు, సంఖ్య ఇవ్వాలి. సీరియల్ పోర్టు అయిన యూసార్ట్1కు ఆ సంఖ్య 37. ఇంటరప్ట్‌ల చిరునామాల పట్టిక అయిన వెక్టర్ టేబుల్‌లో లెక్కపెట్టుకుంటూ వెళ్ళి 53 అని రాసేవారున్నారు. టేబుల్ మొదట్లోని 16 స్థానాలు కోర్‌కు చెందినవి కాబట్టి వాటిని వదిలి లెక్కించాలి.

రిజిస్టర్, దాని లోపలి ఫీల్డ్‌లు

జీపీఐఓసీలో పై ఎనిమిది పిన్నుల ఆకృతిని నిర్ణయించే రిజిస్టర్ పేరు సీఆర్‌హెచ్. దానికి నేమ్, డిస్క్రిప్షన్, అడ్రస్‌ఆఫ్‌సెట్ 04, రీసెట్‌వేల్యూ 4444 4444 రాయండి. ఒక్కో పిన్నుకు నాలుగేసి బిట్లు ఉన్నాయి: కింది రెండు మోడ్, పై రెండు సీఎన్‌ఎఫ్. పదమూడో పిన్ను మోడ్ 20, 21 బిట్లలోనూ, సీఎన్‌ఎఫ్ 22, 23 బిట్లలోనూ ఉంటాయి. బిట్ల స్థానాన్ని మూడు విధాలుగా రాయవచ్చు: బిట్‌ఆఫ్‌సెట్ 20, బిట్‌విడ్త్ 2 అని, లేదా ఎల్‌ఎస్‌బీ 20, ఎంఎస్‌బీ 21 అని, లేదా బిట్‌రేంజ్ ట్యాగ్‌లో చదరపు బ్రాకెట్ల మధ్య పెద్ద సంఖ్య ముందుగా [21:20] అని. మాన్యువల్‌లో బిట్లను పెద్ద సంఖ్య నుంచి చిన్న సంఖ్యకు రాస్తారు గనుక చూసి ఎక్కించడానికి మూడోదే నాకు సుఖంగా ఉంటుంది. ఏది ఎంచుకున్నా ఫైలంతా ఒకే పద్ధతి పాటించండి.

ఇక ఎన్యూమరేటెడ్‌వేల్యూస్, అంటే ఒక్కో విలువకు ఒక్కో పేరు పెట్టే ట్యాగ్. మోడ్‌కు 0 అంటే ఇన్‌పుట్, 1 అంటే 10 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్, 2 అంటే 2 మెగాహెర్ట్జ్, 3 అంటే 50 మెగాహెర్ట్జ్. ఈ వరుస అడ్డదిడ్డంగా ఉన్నదని మీకు అనిపిస్తే అది అచ్చుతప్పు కాదు, చిప్ అంతే. ఇటువంటి చోటనే ఈ పేర్ల విలువ తెలుస్తుంది. డీబగ్గర్‌లో 2 అని కాక అవుట్‌పుట్ 2 మెగాహెర్ట్జ్ అని కనిపిస్తుంది. పేర్లు సీ భాషలో చెల్లే పేర్లుగా ఉండాలి, అంటే ఖాళీలు, హైఫన్లు ఉండకూడదు, అంకెతో మొదలు కాకూడదు. వివరణకు ఆ నియమం లేదు. డిస్క్రిప్షన్‌లో తెలుగు రాసుకుంటానన్నా ఎక్స్ఎంఎల్ అడ్డు చెప్పదు. యాంపర్సండ్‌ను, చిన్నదని సూచించే గుర్తును మాత్రం నేరుగా రాయకుండా వాటి ఎస్కేప్ రూపాల్లో రాయాలి.

సీఎన్‌ఎఫ్ దగ్గరకు వచ్చేసరికి ఈ పద్ధతి పరిమితి బయటపడుతుంది. సీఎన్‌ఎఫ్‌లో 0 ఉంటే, మోడ్ ఇన్‌పుట్ అయినప్పుడు అనలాగ్ అని అర్థం, అవుట్‌పుట్ అయినప్పుడు పుష్-పుల్ అని అర్థం. ఒక ఫీల్డ్ అర్థం పక్క ఫీల్డ్ విలువ మీద ఆధారపడుతుందని చెప్పే వీలు ఎస్‌వీడీలో లేదు. కనుక పేరులో రెండు అర్థాలనూ అండర్‌స్కోర్‌తో కలిపి రాసి, డిస్క్రిప్షన్‌లో విడమరచి చెప్పడం మినహా మార్గం లేదు. ఒక అర్థం మాత్రమే రాసి ఊరుకోవడం కన్నా అసలు పేర్లు ఇవ్వకపోవడమే నయం.

ఇన్‌పుట్ విలువ చూపే ఐడీఆర్ రిజిస్టర్ ఆఫ్‌సెట్ 08, యాక్సెస్ రీడ్-ఓన్లీ. దాని రీసెట్ విలువలో కింది పదహారు బిట్లు పిన్నుల మీద ఆ క్షణాన ఏ వోల్టేజి ఉందో దాన్ని బట్టి ఉంటాయి కనుక, రీసెట్ విలువలో ఏ బిట్లను నమ్మవచ్చో చెప్పే రీసెట్‌మాస్క్‌లో ఆ పదహారు బిట్లకు సున్నాలు, పై పదహారు బిట్లకు ఒకట్లు ఇవ్వాలి. మాన్యువల్‌లో రీసెట్ విలువ దగ్గర ఇంటూ గుర్తులు కనిపించిన ప్రతిచోటా మాస్క్ అవసరమని గుర్తు.

ఒకే పోలిక ఉన్నవాటిని మళ్ళీ రాయకుండా

జీపీఐఓసీ పూర్తయ్యాక జీపీఐఓఏ రాయడానికి నాలుగు పంక్తులు చాలు. పెరిఫెరల్ ట్యాగ్‌లో డిరైవ్డ్‌ఫ్రమ్ లక్షణానికి జీపీఐఓసీ అని ఇచ్చి, కొత్త పేరు, కొత్త బేస్‌అడ్రస్ 4001 0800 రాస్తే మిగతాదంతా అక్కడి నుంచి వస్తుంది. కాపీ కొట్టే ముందు రీసెట్ విలువలు ఒకటేనా అని చూసుకోవాలి. ఎఫ్103లో ఒకటే. ఎస్‌టీఎం32ఎఫ్4లో మాత్రం ఏ, బీ పోర్టుల రీసెట్ విలువలు మిగతా పోర్టులకు భిన్నం, ఎందుకంటే డీబగ్ పిన్నులు ఆ రెండు పోర్టుల మీదనే ఉన్నాయి.

ఒకే పెరిఫెరల్ లోపల పునరావృతమయ్యేవాటికి డిమ్, డిమ్‌ఇంక్రిమెంట్, డిమ్‌ఇండెక్స్ అనే మూడు ట్యాగ్‌లున్నాయి. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా డేటాను చేరవేసే డీఎంఏ1లో ఏడు చానెళ్ళు, ఒక్కో చానెల్‌కు నాలుగు రిజిస్టర్లు, వాటి వెనుక ఒక రిజిస్టరంత ఖాళీ. మొత్తం 20 బైట్లు. ఆ నాలుగు రిజిస్టర్లనూ ఒక క్లస్టర్‌లో (రిజిస్టర్ల గుంపు ట్యాగ్‌లో) పెట్టి, డిమ్ 7, డిమ్‌ఇంక్రిమెంట్ 20, డిమ్‌ఇండెక్స్ 1-7 అని ఇచ్చి, పేరులో సంఖ్య రావలసిన చోట శాతం గుర్తు, దాని పక్కన చిన్న ఎస్ పెడితే ఏడు చానెళ్ళూ వాటంతటవే ఏర్పడతాయి. ఖాళీని మరచి 16 అని రాస్తే మొదటి చానెల్ సరిగానే కనిపిస్తుంది, రెండో దాని నుంచి అన్నీ జరిగిపోతాయి. ఒక్క చానెల్ మాత్రమే పరీక్షించి బాగుందనుకుంటే ఈ తప్పు నెలల తరబడి దాగి ఉంటుంది. ఫీల్డ్‌లకు కూడా డిమ్ పనిచేస్తుంది గానీ, అక్కడ ఇంక్రిమెంట్ బైట్లలో కాదు, బిట్లలో. సీఆర్‌హెచ్‌లోని ఎనిమిది మోడ్ ఫీల్డ్‌లకు డిమ్ 8, ఇంక్రిమెంట్ 4, ఇండెక్స్ 8-15.

చూస్తేనే మారిపోయే రిజిస్టర్లు

ఇంతవరకు చెప్పింది చిరునామాల పని, ఓపిక ఉంటే ఎవరైనా చేస్తారు. ఎస్‌వీడీ మంచిదో కాదో తేల్చేది మాత్రం ఈ భాగమే, చాలా ఫైళ్ళలో ఖాళీగా ఉండేది కూడా ఇదే.

కొన్నేళ్ళ క్రితం ఒక డేటా లాగర్ బోర్డు నా బల్ల మీద ఉండగా, యూసార్ట్1 ద్వారా వచ్చే సందేశాల్లో అప్పుడప్పుడు ఒక్కో బైటు మాయమవుతుండేది. కేబుల్ మార్చాను, బాడ్ రేటు లెక్క మళ్ళీ వేశాను, లెవెల్ షిఫ్టర్ ఊడదీసి కొత్తది పెట్టాను. రెండు రోజులు గడిచాయి. చిత్రమేమిటంటే అదే బోర్డును పక్క గదిలో పవర్ అడాప్టర్‌కు తగిలిస్తే ఒక్క బైటూ పోయేది కాదు. చివరకు నాతో పనిచేసే కుర్రవాడు నా తెర వంక చూసి, "అన్నా, ఆ పెరిఫెరల్ విండో ఒక్కసారి బంద్ చేసి చూడు" అన్నాడు. మూసేశాను. బైట్లు పోవడం ఆగింది.

జరిగినదిది. కార్టెక్స్-ఎం చిప్‌లలో ప్రాసెసర్ నడుస్తుండగానే డీబగ్గర్ మెమరీని చదవగలదు. తెర మీద యూసార్ట్1 విప్పి ఉండటంతో అది కొద్ది కొద్ది సేపటికి ఆ రిజిస్టర్లన్నింటినీ వరుసగా చదువుతోంది. ఆఫ్‌సెట్ 00లోని స్టేటస్ రిజిస్టర్ మొదటిది, 04లోని డేటా రిజిస్టర్ రెండోది. డేటా రిజిస్టర్‌ను చదవగానే బైటు వచ్చిందని చెప్పే ఆర్‌ఎక్స్ఎన్ఈ ఫ్లాగ్ చెరిగిపోతుంది. అంతేకాదు, స్టేటస్ చదివి వెంటనే డేటా చదవడమే ఓవర్‌రన్, ఫ్రేమింగ్ లోపాల ఫ్లాగ్‌లను చెరిపే అధికారిక పద్ధతి. అంటే డీబగ్గర్ నా బైటును తినడమే కాకుండా, లోపం జరిగిందన్న ఆనవాలును కూడా తుడిచేసింది. దాని తప్పేమీ లేదు. నేను ఇచ్చిన ఫైలులో ఆ రిజిస్టర్ మామూలు రీడ్-రైట్ అని ఉంది, అది ఆ మాట నమ్మింది.

దీనికి విరుగుడు రీడ్‌యాక్షన్ ట్యాగ్. చదవగానే ఆ రిజిస్టరే చెరిగితే క్లియర్, ఒకట్లతో నిండితే సెట్, మరో విధంగా మారితే మాడిఫై, చదివినందువల్ల వేరే చోట ఏదైనా మారితే మాడిఫైఎక్స్‌టర్నల్. యూసార్ట్ డేటా రిజిస్టర్‌కు చివరిదే తగినది. అన్ని డీబగ్గర్లూ దీన్ని ఒకేలా పట్టించుకోవు, కనుక మీరు వాడేదానిలో యూసార్ట్ విప్పి ఉంచి, వెయ్యి బైట్లు పంపి, అందినవి లెక్కపెట్టండి.

రాయడంలోనూ ఇటువంటి చిక్కే ఉంది. బయటి పిన్నుల ఇంటరప్ట్‌లను చూసుకునే ఎక్స్‌టీఐ పెరిఫెరల్ 4001 0400 దగ్గర ఉంది. దానిలో 14 ఆఫ్‌సెట్‌లోని పెండింగ్ రిజిస్టర్‌లో ఒక బిట్‌ను చెరపాలంటే దానికి ఒకటి రాయాలి. మీరు డీబగ్గర్‌లో ఒక్క ఫీల్డ్‌ను మార్చబోతే, సాధారణంగా అది మొత్తం రిజిస్టర్‌ను చదివి, మీరడిగిన బిట్‌ను మార్చి, మొత్తాన్నీ తిరిగి రాస్తుంది. అప్పటికే ఒకటిగా ఉన్న మిగతా పెండింగ్ బిట్లకు కూడా ఒకటి వెళ్ళి, మీరు ముట్టుకోని ఇంటరప్ట్‌లు సైతం చెరిగిపోతాయి. మాడిఫైడ్‌రైట్‌వేల్యూస్ ట్యాగ్‌లో వన్‌టుక్లియర్ అని రాయడం ఈ సంగతిని సాధనాలకు తెలియజేయడానికే. టైమర్ల స్టేటస్ రిజిస్టర్‌లో పద్ధతి తలకిందులు, సున్నా రాస్తే చెరుగుతుంది, అక్కడ జీరోటుక్లియర్. మాన్యువల్‌లో బిట్ బొమ్మ కింద ఆర్‌సీ_డబ్ల్యూ1, ఆర్‌సీ_డబ్ల్యూ0 అని చిన్న అక్షరాల్లో ఉండేవి ఇవే, ఆ చిన్న అక్షరాలను దాటవేయకండి.

జీపీఐఓలో పిన్నులను ఒకటికీ సున్నాకూ మార్చే, 10 ఆఫ్‌సెట్‌లోని బీఎస్‌ఆర్‌ఆర్‌కు రైట్-ఓన్లీ అని రాస్తే సరిపోతుంది.

తనిఖీ

మొదట ఫైలును స్కీమాతో సరిచూడండి. ఎక్స్ఎంఎల్‌లింట్ వంటి సాధనం చాలు. ట్యాగ్‌ల వరుస, స్పెల్లింగ్, మూయని ట్యాగ్‌లు ఇక్కడ పట్టుబడతాయి. రెండు ఫీల్డ్‌లు ఒకే బిట్ మీద పడటం, రిజిస్టర్ తన అడ్రస్‌బ్లాక్ దాటిపోవడం, ఒకే పేరు రెండుసార్లు రావడం వంటి అర్థదోషాలను స్కీమా పట్టలేదు, వాటికి ఎస్‌వీడీకాన్వ్ కావాలి. దాని హెచ్చరికలన్నీ తీర్చాక దానితోనే సీ హెడర్ ఫైలు తయారుచేయించి, అందులోని స్ట్రక్చర్‌ను మాన్యువల్‌లో ఆ పెరిఫెరల్ అధ్యాయం చివర ఉండే రిజిస్టర్ మ్యాప్ పట్టికతో పోల్చి చూడటం నా అలవాటు. ఎక్స్ఎంఎల్‌లో కంటికి ఆనని తప్పు సీ స్ట్రక్చర్‌లో రిజర్వ్‌డ్ అనే వింత ఖాళీగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బోర్డు మీద

వీఎస్ కోడ్ ఎడిటర్‌లో కార్టెక్స్-డీబగ్ అనే జోడింపును వాడేవారు లాంచ్ అమరికలో ఎస్‌వీడీ ఫైలు దారి ఇస్తే చాలు. డీబగ్ మొదలుపెట్టి ప్రాసెసర్‌ను రీసెట్ దగ్గరే ఆపి, జీపీఐఓసీ విప్పండి. సీఆర్‌హెచ్‌లో 4444 4444 కనిపించాలని మనం ఎదురుచూస్తాం గానీ అంతటా సున్నాలే కనిపించవచ్చు. కంగారుపడి ఫైలు దిద్దకండి. పెరిఫెరల్‌కు క్లాక్ అందకపోతే దాని రిజిస్టర్లు చదివినప్పుడు సున్నా రావచ్చని మాన్యువలే చెబుతోంది. కాబట్టి 4002 1000 దగ్గరి ఆర్‌సీసీని (క్లాక్‌లను అందించే పెరిఫెరల్‌ను) కూడా ఫైలులో చేర్చి, 18 ఆఫ్‌సెట్‌లోని ఏపీబీ2ఈఎన్‌ఆర్ రిజిస్టర్‌లో నాలుగో బిట్‌ను, అంటే ఐఓపీసీఈఎన్‌ను, ఒకటి చేయండి. ఇప్పుడు సీఆర్‌హెచ్‌లో నాలుగులు వరుసగా కనిపిస్తాయి.

పదమూడో పిన్ను మోడ్‌ను 2 మెగాహెర్ట్జ్ అవుట్‌పుట్‌కు, సీఎన్‌ఎఫ్‌ను పుష్-పుల్‌కు మార్చండి. రిజిస్టర్ మొత్తం విలువ 4424 4444 కావాలి. ఎడమ నుంచి మూడో అంకె కాక మరో అంకె మారితే మీ బిట్‌రేంజ్ తప్పు. బ్లూ పిల్ ఎల్‌ఈడీ పిన్ను కిందికి దిగితే వెలిగే రకం కనుక, పిన్ను అప్పటికే సున్నాలో ఉండి మోడ్ మార్చగానే వెలగవచ్చు. బీఎస్‌ఆర్‌ఆర్‌లో 0000 2000 రాసి ఆర్పండి, 2000 0000 రాసి మళ్ళీ వెలిగించండి. ప్రతిసారీ ఐడీఆర్‌ను తాజా చేసి చూస్తే, దీపం వెలిగినప్పుడు పదమూడో బిట్ సున్నాగా, ఆరినప్పుడు ఒకటిగా ఉండాలి. దీపం సరిగా స్పందించి ఐడీఆర్ బిట్ మాత్రం కదలకపోతే ఐడీఆర్ ఆఫ్‌సెట్‌నో, దాని ఫీల్డ్ స్థానాన్నో మరోసారి చూసుకోండి. రెండూ కలిసి కదిలితే జీపీఐఓసీ పని అయినట్టే, యూసార్ట్1 మొదలుపెట్టవచ్చు.